ముత్యాలమ్మ జపాను చదువు

"...ఐదు నెల్లలో పరీక్ష పెట్టుకుని గుంటడి చేతిలో పుస్తకం లాగేసి చిడతలు పెడతావేటిరా? మతుండే చేస్తన్నావా?"

"అవి చిడతలు కావమ్మా. జపాను."

"నాకు కళ్ళు పోనేదు. చిడతలే."

"చిడతల్తో చెప్తన్నది జపాను."

ముత్యాలమ్మ చేతిలోని ఆకుకూర కట్టని బుట్టలో పడేసి కొడుకు వైపు చూసింది. పంతొమ్మిది వందల ఐదో సంవత్సరం, జులై నెల. పోర్ట్ లూయీ రేవున్న ఆ చెరకు దీవిలో జులై అంటే చలికాలం, ఫీనిక్స్ ఊళ్ళో ఆ నెలంతా సన్నటి చలివాన పడుతూనే ఉంటుంది. వసారాలో కొడుకు అప్పలస్వామి గోడకానుకుని పాట ఎత్తుకుంటున్నాడు. మనవడు జగన్నాథం ఎదురుగా కూర్చుని చిడతలు వాయిస్తూ అదే పాట తిరిగి పాడుతున్నాడు. వాడి లాటిన్ పుస్తకం తండ్రి పిరుదుల కింద ఉంది. చాప తడిగా ఉందట.

అప్పలస్వామి చెరకు తోటలో సర్దారు. ముప్ఫై మంది కూలీల మీద పెత్తనం, ఒక నల్ల కోటు, ఒక గొడుగు, ఆదివారం రామభజనలో పెద్దరికం అతని ఆస్తి. రెండు నెలల కిందట తోట దొర గుర్రం మీద కూర్చునే పేపరు చదువుతూ, జపాను వాళ్ళు రష్యా ఓడల్ని రెండు రోజుల్లో ముంచేశారనీ, ఇక తూర్పు దిక్కంతా వాళ్ళదేననీ గుమాస్తాతో అన్నాడు. ఆ మాట అంటూ దొర ఆవలించాడు కూడా. కళ్ళెం పట్టుకుని నిలబడ్డ అప్పలస్వామి మాత్రం దాన్ని ఒలికిపోకుండా ఇంటికి మోసుకొచ్చాడు.

"సూడమ్మా," అన్నాడు ఆ రోజు. "మనోళ్ళు ఓడ దిగినప్పుడు భోజ్‌పురీ రాదు. అది వచ్చేసరికి సర్దారు పనులన్నీ ఆ భాషోళ్ళే పట్టేసినారు. ఫ్రెంచి ముక్కలు నాను నేర్చుకునేసరికి కోర్టులో ఇంగ్లీషన్నారు. ఎప్పుడు సూసినా ఒక భాష ఎనకే మనం. ఈసారి జపాను దొర దిగే ముందే మనం రేవులో నిలబడాల."

"దిగి ఏటి చేస్తాడ్రా ఆ దొర?"

"దొరలేటి చేస్తారు? పని చెప్తారు."

"పని చెప్పించుకోడానికి ఇప్పట్నించే తొందరేటి?"

జవాబు లేనప్పుడు అప్పలస్వామి కోటు బొత్తాలు పెట్టుకుంటాడు. పెట్టుకుని, స్టేషన్ దగ్గర టీ కొట్టు వీరయ్య దగ్గరికి వెళ్ళాడు.

ఫీనిక్స్ మొత్తంలో జపాను చూసినవాడు వీరయ్య ఒక్కడే. కుర్రతనంలో ఓడ వంటింట్లో పని చేశాడు. కోబె రేవులో నిచ్చెన మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఓడ వెళ్ళిపోయింది. పదకొండు నెలలు అక్కడి ఆసుపత్రిలో, ఆ తర్వాత దాని వంటశాలలో గడిపి, కుంటుకుంటూ తిరిగి వచ్చాడు. అప్పలస్వామి అడగ్గానే గుర్తున్న వాక్యాలన్నీ చెప్పాడు. అప్పలస్వామి వాటిని భజన పాటల పుస్తకంలో, భజన పాటల్లాగే ఫ్రెంచి అక్షరాలతో రాసుకున్నాడు. అర్థం అడగలేదు.

అడగకపోవడం అతని తప్పని కూడా అనలేం. వాళ్ళ భజన గోష్ఠిలో ఎవరూ ఏనాడూ పాటకి అర్థం అడిగిన పాపాన పోలేదు. తాతలు ఓడలో తెచ్చిన మూడొందల పాటలు అప్పలస్వామికి కంఠతా వచ్చు. పెద్ద ఒక చరణం ఎత్తుకుంటాడు, మిగిలినవాళ్ళు అందుకుంటారు, మద్దెల మోగుతుంది, తెల్లారుతుంది. ఏ పాటలో ఏముందో పూజారిని అడిగినా ఆయనా కళ్ళు మూసుకుని తల ఊపేవాడే. అంతటి తెలుగే అలా వచ్చినప్పుడు ఇంతటి జపాను రాదా అన్నది అప్పలస్వామి లెక్క. వీరయ్య చెప్పిన వాక్యాలకి మంచి రాగం కట్టాడు. రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా కొడుకు చేత పాడించసాగాడు.

జగన్నాథం పోర్ట్ లూయీ కాలేజీలో ఆఖరి తరగతి. ఉదయం ఆరున్నర రైలుకి వెళ్ళి సాయంత్రం ఐదింటి రైలుకి వస్తాడు. ఎనిమిదింటికి చిడతలు దింపి, తిని, పుస్తకం తెరిచేసరికి కళ్ళు మూతలు పడతాయి. డిసెంబరులో కేంబ్రిడ్జి పరీక్ష. గట్టెక్కితే పంతుళ్ళ శిక్షణలో చేర్చుకుంటానని ఇన్‌స్పెక్టరు మాటిచ్చాడు. తప్పితే మళ్ళీ కూర్చోవడం లేదు. వాడికి జనవరిలో ఇరవై నిండుతాయి, కాలేజీ వాళ్ళు ఆ పైన ఉంచుకోరు. అప్పుడు మిగిలేది చెరకు కత్తి, తండ్రి కింద ముప్ఫై ఒకటో కూలీ ఉద్యోగం. జులై పరీక్షలో వాడికి రేఖాగణితంలో వందకి పదకొండు వచ్చాయి.

ముత్యాలమ్మకి రేఖాగణితం తెలియదు గానీ పదకొండు తెలుసు. చెరకు కత్తీ తెలుసు. ఎనిమిదో ఏట పట్టుకుని యాభయ్యో ఏట దింపింది. ఎడమ చేతి చిటికెన వేలు సగం ఆ తోటలోనే ఉంది. మనవడు పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతుంటే ఆ సగం వేలితోనే వాడి జుట్టు సవరించి లేపుతుంది. ఆ రాత్రి వాడు నిద్రలో జపాను పలికాడు. లాటిన్ పలికుంటే ఊరుకునేదేమో.

మర్నాడు సాయంత్రం చిడతలు మొదలవక ముందే ఆమె అడిగింది.

"ఒరే అప్పలసామీ. దొరొచ్చినప్పుడు ఇంట్లో ఒకరికి జపాను వస్తే సాల్దా? అందరికీ రావాలా?"

"ఒకరికి వస్తే సాలు. అందుకే గదా ఈడికి..."

"అయితే నాను నేర్చుకుంటాను. గుంటణ్ణి ఒదిలీ."

వంటింట్లోంచి కోడలు మంగమ్మ నవ్వింది. అప్పలస్వామి గట్టిగా నవ్వాడు. జగన్నాథం నవ్వలేదు.

"అరవై రెండేళ్ళకి నువ్వు పలకట్టుకుని లేకోల్‌కి ఎల్తావా?"

"లేకోల్‌కి నానెప్పుడెల్లాను? భోజ్‌పురీ ఏ లేకోల్‌లో నేర్చుకున్నాను?"

అది నిజమే. ఆమె కోరంగి రేవులో ఓడెక్కినప్పుడు ఏడేళ్ళ పిల్ల. దిగాక కూలీల లైన్లో నీళ్ళ వరసలో నిలబడి భోజ్‌పురీ నేర్చుకుంది. రాకపోతే కడవ వెనక్కి పోయేది. తోటలో క్రియోల్, కూరల బజారులో అరవం, చీనా వాడి కొట్లో వాడి అంకెలు, గొడుగేసుకుని వచ్చే దొరసానుల దగ్గర పది ఫ్రెంచి ముక్కలు. ఎక్కడ ఏది లేకపోతే మోసపోతుందో అక్కడ అది నేర్చుకుంది. ఒక్క భాషలోనూ చదవలేదు, ఒక్క భాషలోనూ మోసపోలేదు.

బేరం కుదిరింది. జపాను సరకు ఓడ ఒకటి అక్టోబరులో బొగ్గు కోసం పోర్ట్ లూయీలో ఆగుతుందని వీరయ్యకి రేవు నుంచి కబురుంది. అప్పటిదాకా కుర్రాడికి గంట జపాను చాలు. ఓడొచ్చిన రోజున ముత్యాలమ్మ జపాను వాడితో మాట్లాడాలి, వాడికి అర్థమై జవాబు చెప్పాలి. అలాగైతే ఆ గంట కూడా రద్దు. లేకపోతే పరీక్ష దాకా రోజుకి మూడు గంటలు.

"మూడు గంటలు," అని అప్పలస్వామి మళ్ళీ చెప్పాడు, తల్లికి ముసలితనం వల్ల వినపడలేదేమోనని.

ముత్యాలమ్మ కూరల బుట్ట పెట్టుకునేది వీరయ్య టీ కొట్టు పక్కనే. మర్నాడు బుట్ట దింపగానే అడిగింది.

"తమ్ముడూ, 'ఎంత' అన్నదాన్ని ఏటంటారు?"

"ఇకురా."

"'ప్రియం'?"

"టకాయ్."

"'పనికిరాదు'?"

"దమే. కానక్కా, ముందు నమస్కారం నేర్చుకో. అప్పలసామి అదే ముందు..."

"నమస్కారం చెయ్యడానికి చేతులున్నాయి. ఇయ్యాల్టికి ఈ మూడు సాలు."

రోజుకి మూడు మాటలు. నాలుగోది చెప్పబోతే చెవి మూసుకునేది. ఆ మూడూ ఆ రోజు పొద్దు గూకేలోగా ఎవరి మీదో ఒకరి మీద వాడాలి. వంకాయ బేరమాడి బేరమాడి తీసుకోకుండా పోతున్న తపాలా బంట్రోతు వీపు మీద "దమే!" పడింది. చీనా వాడు ఉప్పు ధర చెబితే "టకాయ్" అంది. వాడికది అర్థం కాకపోయినా ధర తగ్గించాడు. ఇంట్లో కోళ్ళు జపాను విని లోపలికి రావడం అలవాటు చేసుకున్నాయి. సాయంత్రం బుట్ట ఎత్తుకునే ముందు వీరయ్య తెలుగు మాట అనాలి, ఆమె జపాను మాట చెప్పాలి. తప్పితే మర్నాడు కొత్త మాట లేదు. రైలు కోసం వచ్చేవాళ్ళు ఆగి చూసి నవ్వేవారు. భజన గోష్ఠిలో రామలు అనేవాడు దారిలో కనపడితే చేతులు జోడించి, "జపాను రాణీగారికి బోంజూర్," అనేవాడు.

"ఇకురా?" అనేది ముత్యాలమ్మ, వాణ్ణి కింద నుంచి పైదాకా చూసి. వాడు జవాబు చెప్పేలోగానే "టకాయ్" అనేసేది.

సెప్టెంబరులో ఒక రోజు, మాటలు అప్పజెప్పడం అయ్యాక, ఆమెకి ఒక అనుమానం వచ్చింది.

"తమ్ముడూ, మావోడు పాడతన్న ఆ పాట... 'కుచి అకెతె, ఇతాయ్ దెస్కా, కుసురి నొందె'. ఏటది?"

వీరయ్య గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

"నిన్నే."

"ఆసుపత్రిలో నర్సమ్మ రోజూ వచ్చి అనేదక్కా. 'నోరు తెరు. నొప్పిగా ఉందా? మందు తాగు.' ఆ తర్వాత చరణం 'కదలకు, పక్కకి తిరుగు'. మర్యాదగా ఉండే మాటలు కావాలన్నాడు. నాతో మర్యాదగా మాట్లాడింది ఆవిడొక్కర్తే."

"అర్థం సెప్పలేదా ఆడికి?"

"అడిగితే గదక్కా."

ముత్యాలమ్మ బుట్ట ఎత్తుకుంది. ఇంటికి వెళ్ళి చెబుదామనే బయల్దేరింది. వసారాలో కొడుకు ఆరుగురు భజన మనుషుల్ని పోగేసి, మద్దెల పెట్టి, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. రామలు కంట నీరు కూడా తిరుగుతోంది. ఇప్పుడు చెబితే పాట మారుతుంది, పాఠం మిగులుతుంది. కొత్త పాట, కొత్త రాగం, గంట చాలదని మళ్ళీ రెండు గంటలు. ఆమె లోపలికి వెళ్ళి కోళ్ళని గూట్లో పెట్టింది.

ఓడ రావడానికి వారం ముందు అప్పలస్వామి తల్లికి పరీక్ష పెట్టాడు.

"సూర్యుణ్ణి ఏటంటారు?"

"తెల్దు."

"చక్రవర్తిని?"

"తెల్దు. ఆడు ముల్లంగి కొంటాడా?"

"రాగం కూడా లేదు నీ జపానుకి," అని అతను తేల్చాడు. "మూడు గంటలు. గేపకం పెట్టుకో."

అక్టోబరు రెండో శనివారం ఓడ వచ్చింది. అప్పలస్వామి నల్ల కోటు, తలపాగా, బంతిపూల దండతో మూడో తరగతి పెట్టె ఎక్కాడు. వెనక ఆరుగురు భజన మనుషులు, మద్దెల, చిడతలు. జగన్నాథం కాలేజీకి పోవలసిన రోజు, తండ్రి పొమ్మనలేదు. ముత్యాలమ్మ బుట్ట నిండా వంకాయలు, ముల్లంగి పెట్టుకుని వీరయ్య పక్కన కూర్చుంది. దారి పొడుగునా జగన్నాథం చేతుల చాటున లాటిన్ పుస్తకం తెరిచి ఉంది. అప్పలస్వామి చూసి, "ఆ భాష మాటాడేవోడు ఒక్కడైనా బతికున్నాడేటిరా?" అన్నాడు. వాడు పుస్తకం మూసేశాడు.

రేవులో పడవ మెట్ల దగ్గర ముగ్గురు జపాను అధికారులు దిగారు. పొట్టిగా, శుభ్రంగా, తెల్ల బట్టల్లో ఉన్నారు. ఏం చూసినా ఆశ్చర్యపోకూడదని ఎవరో చెప్పి పంపినట్టుంది. అప్పలస్వామి దండ వేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు మూసుకుని, ఎత్తుకున్నాడు.

"కుచి అకెతె..."

ఆరుగురూ అందుకున్నారు. మద్దెల మోగింది. "ఇతాయ్ దెస్కా" దగ్గర రాగం పైకి పోతుంది. అక్కడ అప్పలస్వామి చేతులు చాచి ప్రాధేయపడతాడు. అధికారులు టోపీలు తీశారు. మొదటి చరణం అయ్యేసరికి వాళ్ళలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో చరణంలో అందరూ కలిసి "కదలకు" అన్నప్పుడు, మెట్లెక్కబోతున్న మూడో ఆయన నిజంగానే ఆగిపోయాడు. పాట అయ్యాక కళ్ళజోడు పెట్టుకున్న ఆయన దగ్గరికి వచ్చి, అప్పలస్వామి ముఖంలోకి శ్రద్ధగా చూసి, నెమ్మదిగా ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

అప్పలస్వామి కొడుకు వైపు తిరిగాడు. "ఏటంటన్నాడు?"

"నేను ఓడ డాక్టర్ని, ఎవరికైనా జబ్బుగా ఉందా, అని అడుగుతున్నారయ్యా."

"ఇంగ్లీషెందుకు మాటాడతన్నాడు?"

జగన్నాథం అది కూడా అడిగాడు. డాక్టరు నవ్వి జవాబు చెప్పాడు.

"స్కూల్లో పదేళ్ళు చదివారట. ఆఖరి పరీక్షకి రోజుకి నాలుగు గంటలు ఇంగ్లీషే చదివారట. అది రాకపోతే వాళ్ళ దేశంలో ఉద్యోగం లేదట."

అప్పలస్వామి కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. అవి అప్పటికే పెట్టి ఉన్నాయి. "మేమంతా బాగానే ఉన్నామని సెప్పు," అన్నాడు.

అదే సమయానికి నాలుగు బారల అవతల ఓడ వంటవాడు, ఖాళీ గంపతో దిగిన బట్టతలవాడు, ముత్యాలమ్మ బుట్ట ముందు గొంతుక్కూర్చుని ముల్లంగి తిరగేస్తున్నాడు. వేళ్ళు చూపించి ధర అడిగాడు. ఆమె వేళ్ళు చూపించింది.

"టకాయ్!" అన్నాడు వాడు, అలవాటుగా, తనలో తాను.

"టకాయ్ నాయ్," అంది ముత్యాలమ్మ. ప్రియం కాదు.

వాడు ముల్లంగి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత గబగబా చాలా మాటలన్నాడు. ఆమెకి అందులో రెండే తెలిశాయి, ఆ రెండూ చాలాయి. పుచ్చుందేమోనని ఒక వంకాయ ఎత్తి చూశాడు. ఆమె దాన్ని లాక్కుని, "దమే," అని తనే పక్కకి విసిరేసి, మంచిది చేతిలో పెట్టింది. వాడు వెనక్కి పడి నవ్వాడు. పడవ వాళ్ళని కేకేసి పిలిచాడు. అందరూ చుట్టూ చేరి ఒక్కొక్కటే చూపించి పేరు చెప్పమన్నారు, ఆమె చెప్పింది. ఒకడు సూర్యుణ్ణి చూపిస్తే తల అడ్డంగా ఊపింది. బుట్ట ఖాళీ అయింది. వచ్చే ఓడకి ఉల్లికాడ తెమ్మని వంటవాడు రెండుసార్లు చెప్పాడు. వీరయ్య పక్కన నిలబడి, ఆ మాటలు తనవే అయినట్టు, అటూ ఇటూ చూస్తున్నాడు.

ఇదంతా అప్పలస్వామి చూశాడు. చూడలేదని అనడానికి వీల్లేకుండా, ఆ నవ్వుకి డాక్టరు కూడా అటు తిరిగి చూశాడు.

తిరుగు రైల్లో రామలు మద్దెలని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చెరకు తోటలు చూస్తున్నాడు. చిడతలు బెంచీ మీద ముత్యాలమ్మ పక్కన ఉన్నాయి. జగన్నాథం పుస్తకం తియ్యాలా వద్దా అని తండ్రి వైపు చూస్తున్నాడు. రోజ్ హిల్ దాటాక అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు.

"నలభై ఐదేళ్ళు నాకు. ఇన్నేళ్ళలో ఒక్క దొరైనా నన్ను అడిగాడా, ఒంట్లో బాగుందా అని?"

అతను భజన మనుషుల వైపు తిరిగాడు.

"ఈయన అడిగాడు. ఎందుకడిగాడు? పాట వల్ల. ఆళ్ళ మాట మన నోట్లో ఇనగానే ఆ దొర గుండె కరిగింది. అమ్మది బజారు జపాను. దాంతో ముల్లంగి అమ్ముడవుద్ది, దొరలు కరగరు." అతని ముఖం మెల్లగా వెలిగింది. ఆరుగురి తలలూ ఒకటొకటిగా ఊగడం మొదలుపెట్టాయి. "ఇది వదిలీకూడదు. వీరయ్యా, ఇంకా చరణాలున్నాయా?"

"ఉన్నాయి గానీ..." అన్నాడు వీరయ్య, ముత్యాలమ్మ వైపు చూస్తూ.

"పందెం సంగతి పక్కన పెట్టు. రేపట్నించి జగ్గడు మూడు గంటలు..."

జగన్నాథం తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. మెత్తటి చేతులు, పది వేళ్ళూ ఉన్నాయి.

ముత్యాలమ్మ ఆ పాటకి అర్థం చెబుదామని నోరు తెరిచింది. కొడుకు ముఖం చూసి, మూసుకుంది. పక్కనున్న చిడతలు తీసి ఖాళీ బుట్టలో వేసి, పైన గోనె గుడ్డ కప్పి, బుట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవి నా ట్రంకు పెట్టెలో ఉంటాయి," అంది. "పరీక్షయ్యేదాకా బయటికి రావు. రేపట్నించి ఆరింటికి వసారా గుంటడిది, దీపం గుంటడిది. నీకు జపాను కావాలంటే తెల్లారి బుట్ట మోసుకుని నాతో స్టేషనుకి రా. రోజుకి మూడు మాటలు చెప్తాను, అర్థంతో."